మనిషికి మనిషి

ఊరికే ఎవరూ ఏమీ ఇవ్వరు. ఈ మాట మా అమ్మ నాకు గంజితో పాటు తాగించి పెంచింది. అందుకే నేను జగదల్‌పూర్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, ఒకరోజు మా సార్ క్లాసులోకొచ్చి హిందీలో ఒక కబురు చెబితే అందరూ చప్పట్లు కొట్టారు, నేను కొట్టలేదు. మనలో ఒకరు ఒక సెమిస్టర్ పాటు విశాఖపట్నం కాలేజీలో చదువుకోవచ్చట. అక్కడి నుంచి ఒకరు మన కాలేజీకి వస్తారట. రైలు టికెట్టు, హాస్టలు, తిండి అన్నీ వాళ్లవేనట. ఇందులో ఈయనకేం మిగులుతుందా అని నేను సార్ మొహం వంకే చూస్తూ కూర్చున్నాను.

చివరికి తెలుగు వచ్చని నన్నే ఎంచుకున్నారు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. నాకంటే మార్కులొచ్చేవాళ్లు అంతమంది ఉండగా నేనే ఎందుకు? "పిలిచి పిల్లనిస్తామంటే కులం తక్కువన్నాడట, నీలాంటివాడే" అని వెక్కిరించింది నా రూమ్మేటు. కిరందుల్‌లో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. దాని అన్న బోరు లారీ ఎక్కలేదు మరి.

మా అన్న ఎక్కాడు. మా ఊరు బీజాపూర్ దాటాక ఇంకా దక్షిణాన, గోదావరి వైపు ఉంటుంది. కోతలయ్యాక మిరపకాయలు కొయ్యడానికి ఏరు దాటి తెలంగాణ వైపు పోవడం మాకు మామూలే. ఆ పనికి తీసుకుపోయే మేస్త్రీలు తరాల నుంచి తెలిసినవాళ్లు. అన్నను తీసుకుపోయినవాడు మాత్రం కొత్తవాడు. బోర్లు వేసే లారీ మీద పని, దారిఖర్చులు మావే, తిండి మాదే అన్నాడు. అచ్చం మా సార్ చెప్పినట్టే చెప్పాడు. అన్న రెండేళ్లు తిరిగి రాలేదు. వచ్చాక ఆ రెండేళ్ల సంగతి ఎవరడిగినా లేచి అవతలికి పోతాడు.

అప్పటి నుంచి మా ఊరివాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ ఎవరైనా సరే, తన మనిషిని ఒకరిని మా ఊళ్లో ఉంచి పోవాలి. భార్యనో, తమ్ముణ్ణో. పోయినవాళ్లు క్షేమంగా చేరి, తమ నోటితో తాము ఫోన్ చేసి చెప్పేదాకా ఆ మనిషి ఊరు దాటకూడదు. మర్యాదకేం లోటుండదు. మంచం వాలుస్తారు, కోడిని కోస్తారు. కదలనివ్వరు, అంతే.

సంగతి తెలిసి అమ్మ బస్సెక్కి జగదల్‌పూర్ వచ్చింది. సార్ టీ తెప్పించారు. తాగితే ఒప్పుకున్నట్టవుతుందని ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

"నా బిడ్డను పంపుత. మీరు ఎవల్ని ఉంచిపోతరో జెప్పుమను" అంది నాతో.

నేను ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. సార్ సంబరపడిపోయారు. విశాఖ నుంచి వచ్చే అమ్మాయికి ఆదివాసీ పల్లెలో ఒక ఇంట్లో ఉండాలని కోరికట, ఇప్పటిదాకా ఏ ఇల్లూ దొరకలేదట. నేను రైలెక్కే శనివారమే ఆమె మా ఊరు వెళ్తుందని, ఆదివారం బయల్దేరి తిరిగొస్తుందని అక్కడికక్కడే తేల్చేశారు.

అమ్మకు అది నచ్చలేదు. "ఏందే, ఇంత సులువుగ ఇస్తాండు? గా పిల్ల ఈయనకేమైతది?"

"ఏమీ కాదు."

"గందుకే ఇస్తాండు." మళ్లీ సార్ వైపు తిరిగి, "పిల్లకు తల్లి ఉన్నదా?" అని అడిగింది.

ఉందని సార్ చెప్పారు. అయితే సరే అంది అమ్మ. మనిషిని ఉంచిపోవడమంటే మాకు అర్థమేమిటో సార్ అడగలేదు, నేను చెప్పలేదు. అందులో దాచినదేమీ లేదు. వాళ్ల పథకంలోనూ మనిషికి మనిషే కదా.

విశాఖ అమ్మాయి నాకంటే ముందే వచ్చి మా హాస్టల్లో దిగింది. నా ఈడుదే. ప్రతిదానికీ నవ్వుతుంది, ప్రతిదీ అడుగుతుంది. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు? ఈ రోడ్డు దాటాక దారి ఎటు పోతుంది? మా వైపు ఇన్ని ప్రశ్నలడిగే మనిషి కనిపిస్తే ముందు ఎవరి మనిషో తెలుసుకుంటారు, ఆ తర్వాతే మంచినీళ్లిస్తారు. నాకు ఏ దారీ తెలియదని చెప్పాను. ఆ దారుల్లోనే పుట్టి పెరిగాను. సాయంత్రమయ్యేసరికి ఆమె ఫోను పట్టుకుని వరండా చివరికి పోయి మెల్లగా మాట్లాడేది. నేను బట్టలు ఆరేసే నెపంతో వెళ్లి చెవి ఒగ్గాను. పొద్దున్నుంచి ఏం తిన్నదో వాళ్లమ్మకు చెబుతోంది. ఇంతోటిదానికి గుసగుసలెందుకని నాకు అదీ నమ్మబుద్ధి కాలేదు.

శనివారం అమ్మ వచ్చి ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని బస్సెక్కింది. మామూలుగా కిటికీ పక్కన సీటు కోసం గొడవపడే మనిషి, ఆ రోజు ఆమెను కిటికీ వైపు కూర్చోబెట్టి తాను ఇవతల అడ్డంగా కూర్చుంది. పాపం ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది.

నేను రైలెక్కాను. వానాకాలం, ఘాట్‌లో పట్టాల మీద రాళ్లు పడ్డాయి. రైలు ఎక్కడో కొండల మధ్య ఆగిపోయింది. ఆగి ఆగి నా ఫోన్ చార్జింగూ అయిపోయింది. తెల్లవారే చేరాల్సినది విశాఖ చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ప్లాట్‌ఫాం మీద ఒకావిడ తన ఫోన్లో నా ఫోటో చూసుకుంటూ, నా మొహం చూసుకుంటూ ఎదురొచ్చింది. ముందు నా సంచి లాక్కుని తన భుజానికి తగిలించుకుంది. అయిపోయింది అనుకున్నాను. ఇలాగే మొదలవుతుంది, ముందు సంచి తీసుకుంటారు. తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వేనా బస్తర్ పిల్లవి? మీ అమ్మ నా కూతుర్ని కదలనివ్వట్లేదట. బిడ్డ ఫోన్ చేసినాకే పొమ్మంటోందట. ఏటమ్మా ఇది?"

ఆమె ఆ అమ్మాయి తల్లి. మా ఊళ్లో సిగ్నల్ గుట్ట మీదే దొరుకుతుంది. పొద్దున కూతురు మా అన్నను బతిమాలి గుట్టెక్కి, తల్లికి ఫోన్ చేసి ఏడ్చిందట. ఈమె అప్పుడు స్టేషన్‌కొచ్చి కూర్చున్నది, రైలు వచ్చేదాకా కదల్లేదు.

ఆమె ఫోన్‌తో అన్నకు చేస్తే కలవలేదు. వాళ్లు మళ్లీ గుట్టెక్కేదాకా ఆగాల్సిందే. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. నాకు ఇడ్లీలు కొనిపెట్టింది. కుడిచెయ్యి వదిలి ఎడమచెయ్యి పట్టుకుంది.

"నేనెక్కడికీ పారిపోనండీ" అన్నాను. నాకు ఒళ్లు మండింది.

"నా పిల్ల మాత్రం పారిపోతాదేటి? మీ అమ్మ పట్టుకోలేదూ? దాని గొంతు ఇన్నాక వదుల్తాను. తిను."

చాలాసేపటికి అన్న నంబరు నుంచి ఫోన్ మోగింది. అమ్మ. చేరానని చెప్పాను. బాగున్నావా అని ఆమె అడగలేదు. ఆ మాట మీద ఆమెకు నమ్మకం పోయి చాలా కాలమైంది. లారీ మీద ఉన్నప్పుడు అన్న ఒకే ఒక్కసారి ఫోన్ చేసి బాగున్నానన్నాడు. అలా అంటున్నప్పుడు మేస్త్రీ పక్కనే నిలబడి ఉన్నాడని, ఆ రెండేళ్ల గురించి అన్న అమ్మకు చెప్పింది ఆ ఒక్కమాటే.

"పక్కన ఎవలున్నరు?" అంది.

"గా పిల్ల తల్లి."

"ఏం జేస్తాంది?"

"నా చెయ్యి పట్టుకుని కూసున్నది. బిడ్డ గొంతు ఇనేదాక ఇడువదంట."

 

"గట్టిగ పట్టుకున్నదా?"

"గట్టిగనే."

"గట్లనా." అమ్మ గొంతు మారిపోయింది. ఇంట్లో నాతో మాట్లాడే గొంతు అది. "అయితే ఏం భయం లేదు. ఆమెతోనే ఉండు. పిల్లకు ఫోనిస్త, మాట్లాడనీ. సాయంత్రం జీపుకు నేనే ఎక్కిస్త."

నాకు ఏడుపొచ్చింది. సార్ మాట, కాలేజీ కాగితాలు, హాస్టలు, ఏవీ తీర్చలేని భయాన్ని నా మణికట్టు మీద నన్ను నమ్మని ఒక తల్లి పిడికిలి తీర్చేసింది. ఆవిడ కూతురితో మాట్లాడింది. తిన్నావా, జ్వరమేం లేదు కదా అని అడిగింది. ఫోన్ పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుంది. బయటికొచ్చాక మొదటి ఆటోవాణ్ణి ఎగాదిగా చూసి, వీడొద్దు అని, రెండోవాడి వైపు నన్ను లాక్కుపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు, నేనూ వదలమని అడగలేదు.