నీళ్ళక్క వంతు

మా తోటికోడలు కుట్టుపని చేస్తుంది. వీధి మాత్రం ఆమెను నీళ్ళక్క అంటుంది. పంతొమ్మిదేళ్ళ క్రితం రెండు వరుసల్లోని నలభై ఇళ్ళవాళ్ళు కలిసి బోరు వేయించుకొని సంఘం పెట్టుకున్నారు. రోజుకొకరు వాల్వు తిప్పాలన్నది మొదటి నియమం. వారం తిరక్కుండానే ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి తీరికలేదు. “పోనీలే, నేను తిప్పుతాను” అంది అక్క. ఆ పోనీలే పంతొమ్మిదేళ్ళు సాగింది.

మిట్ట వరుసకు వాల్వు నాలుగు చుట్లు తిప్పాలి, పల్లపు వరుసకు చుట్టున్నర. తేడా వస్తే ఒకరికి వరద, ఇంకొకరికి గాలి. ఈ సంగతి అప్పట్లో ఆమె చేతికి తప్ప ఎవరికీ తెలియదు. ఎక్కడైనా రాసిపెట్టమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. “నేనున్నాగా” అనేది. ఆ మంచితనాన్ని వీధంతా మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది.

మొన్న వేసవిలో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక ఎవరికి తోచినట్టు వాళ్ళు వాల్వు తిప్పారు. మూడోరోజుకి పల్లపు వాకిళ్ళు మునిగాయి, మిట్ట కుళాయిలు బుసకొట్టాయి. ఐదోరోజుకి ఎవరికి వారే యమునా తీరే. మిట్ట వరుస వడ్రంగి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

“ఏమనుకోకు వదినా. ఆదివారం విడిపోతాం. మా బోరు మేం వేసుకుంటాం.”

అక్క ముఖం పాలిపోయింది. అంత దగ్గర్లో రెండో బోరు పడితే రెండూ ఎండుతాయని అందరికీ తెలుసు.

“నన్ను కుర్చీలో మోసుకెళ్ళండి. నేనే తిప్పుతా” అంది, అతను వెళ్ళాక.

“చాల్లే. నువ్వు వీధికి మేలు చెయ్యలేదక్కా, సోమరితనం నేర్పావు” అన్నాను.

కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ మనసు చివుక్కుమంది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం సంఘమంతా మా గదిలోనే, ఆమె మంచం చుట్టూ చేరింది. నిలబడ్డవాళ్ళే ఎక్కువ. అక్క చుట్ల లెక్క చెప్పింది, ఒకతను రాసుకున్నాడు. కానీ తిప్పేదెవరు? ఒక వరుసను ఇంకో వరుస నమ్మదు. చివరికి పల్లపు వరుసలో ఇస్త్రీ చేసే ఆమె నోరు విప్పింది.

“మీ నీళ్ళు మేం తిప్పుతాం. మా నీళ్ళు మీరు తిప్పండి. మేం తక్కువిస్తే మర్నాడు మీ చేతిలోనే ఉంటాంగా.”

“అంటే మీ జుట్టు మా చేతిలో, మా జుట్టు మీ చేతిలో” అని వడ్రంగి నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు మహానుభావుడు. చుట్ల లెక్క, ఎవరి వంతు ఏ రోజన్నదీ పంపుగది గోడ మీద రంగుతో రాశారు. విడిపోయే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాలుగు నెలలకు అక్క కర్ర పట్టుకొని నా వెంట పంపుగదికి నడిచింది. వాల్వు తిప్పే ఇనుపకడ్డీ కోసం చెయ్యి చాచింది. ఇస్త్రీ ఆమె ఇవ్వలేదు.

“నీ వంతు గురువారం అక్కా. గోడ మీద చూసుకో.”

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. “పంతొమ్మిదేళ్ళు చేశానే. నన్ను గోడ చూసుకోమంది” అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. టీ పెట్టి ఇచ్చాను.

సగం తాగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఇక నేను పోయినా నీళ్ళాగవు” అంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది.