ఇతరములు గడిలో మా శీను

ఈ రోజు మా నాగాయలంకకు ఒక అమ్మాయి వచ్చింది. కొత్త యంత్రాలు తెచ్చేవాళ్లు జనం పట్ల బాధ్యతగా ఎలా ఉండాలో యూనివర్సిటీలో చదువుతోందట. దానికీ పెద్ద చదువే కావాలి కాబోలు!

"రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ పెట్టాక మీ ఇంట్లో ఏం మారిందండీ?" అని కాగితం తీసింది.

"మా శీను దాని కరెంటు కొట్టే పోయాడమ్మా. బిగించినవాళ్లు మిషన్‌కి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఎర్తు వైరు ఒక్కటే మర్చిపోయారు," అన్నాను.

పాపం, కాగితమంతా వెతికింది. "దీనికి గడి లేదండీ. 'ఇతరములు'లో రాస్తాను," అంది.

ఇరవై రెండేళ్లు పెంచిన కొడుకు, ఇతరములు!

మీరు చెప్పండి, మీ మిషన్‌కి ముందు ఏది పెట్టారు? బొట్టా, ఎర్తు వైరా?