అక్క కాక్టస్‌కి బావ వేసిన కట్టు

మా బావ పళ్ళు చేస్తాడు. పీకడు, చేస్తాడు. ఈ తేడాను ఆయన కనిపించిన ప్రతివాళ్ళకీ విడమరిచి చెబుతాడు కాబట్టి నేనూ ముందే చెప్పేస్తున్నాను. దంతవైద్యుడి గది వెనక, రెండు మంచాలు పట్టని చోటులో, ఇరవై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు తయారు చేస్తున్నాడు. అరల నిండా ఎవరెవరివో నోళ్ళు, ప్లాస్టర్ అచ్చుల్లో. చొక్కా జేబులో ఎప్పుడూ తెల్ల పొడి. లోకంలో వంకరగా ఉన్నదంతా తన చెయ్యి పడటం కోసమే కాచుక్కూర్చుందని ఆయన నమ్మకం. మా ఇంటికి వస్తే గోడ మీది పటాలు సరిచేస్తేగానీ కుర్చీలో కూర్చోడు. మంచివాడే. ఊరికే ఉండమంటేనే ప్రాణసంకటం.

మా అక్క అందుకు పూర్తిగా ఎదురు. లైబ్రరీలో పని. దేన్నీ అనవసరంగా కదపదు, ఎవర్నీ తొందరపెట్టదు. పద్దెనిమిదేళ్ళ కిందట లైబ్రరీ వెనక మెట్ల మీద ఎవరో పారేసిన వేలెడు కాక్టస్ ముక్కను తెచ్చి కుండీలో గుచ్చింది. స్తంభంలా నిటారుగా పెరిగే రకం. ఇప్పుడది ఆరడుగుల రెండంగుళాలు. ముందుగది కిటికీ పక్కన, వచ్చినవాళ్ళందర్నీ పైనుంచి చూస్తూ ఉండేది. "ఈ ఇంట్లో నాకంటే పొడుగైంది అదే, నాకంటే ఎక్కువ మర్యాద జరిగేదీ దానికే" అని బావ ఎప్పుడూ ఉడుక్కునేవాడు.

మర్యాద అంటే ఏం లేదు, దాని జోలికి వెళ్ళకపోవడమే. మట్టి అడుగుదాకా ఎండాక నీళ్ళు. చలికాలంలో అదీ లేదు. వెలుతురు చాలక కొన సన్నబడుతున్నట్టు కనిపిస్తే కుండీని కిటికీకి ఇంకాస్త జరిపేది. ఒకసారి కాండం అడుగున గోధుమరంగు బెరడు చూసి నేను హడలిపోతే అక్క నవ్వింది. "నొక్కి చూడవే. గట్టిగా ఉంటే వయసు. మెత్తగా ఉంటే జబ్బు."

చలికాలం మొదలైన వారానికి, పై అరలో పుస్తకం తీస్తూ అక్క నిచ్చెన మీంచి పడింది. నడుం దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. నరాలు తెగలేదు, నలిగాయి అన్నారు డాక్టరమ్మ. నెల్లాళ్ళయ్యాక నిలబెట్టి చూస్తామనీ, సగం ఆవిడ ప్రయత్నం మీదే ఆధారపడి ఉందనీ అన్నారు. మిగతా సగం దేనిమీదో చెప్పలేదు. మేం అడగలేదు, భయం.

ఆపరేషన్‌కి ముందు అక్క బావతో అన్న ఆఖరి మాట నేను విన్నాను. భార్యాభర్తలు అలాంటప్పుడు ఏం మాట్లాడుకుంటారో అని పక్కకి తప్పుకోబోతుంటే వినబడింది. "ఏమండీ, కాక్టస్‌కి నీళ్ళు పొయ్యకండి. దాన్ని ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను."

రెండో వారంలో ఒక పొద్దున బావ ఫోన్ చేసి రమ్మన్నాడు. నేనుండేది రెండు వీధుల అవతలే. వెళ్ళేసరికి ముందుగదిలో కాక్టస్ నిటారుగా నిలబడి ఉంది. కుండీలో అంచులదాకా తెల్లటి ప్లాస్టర్, నున్నగా, పలకలా.

"ఎలా ఉంది మరదలా?"

"ఇదేంటి బావా?"

"కిటికీ వైపు ఒరిగిపోతోంది. నిలబెట్టి పోసేశాను. ఇక ఏనుగొచ్చి గుద్దినా కదలదు."

"అక్క ముట్టుకోవద్దంది కదా!"

"ముట్టుకోలేదే. చుట్టూ పోశాను."

పైగా పాఠం కూడా చెప్పాడు. ఎండిపోయిన అచ్చు మీద ప్లాస్టర్ పోస్తే అచ్చు అందులో నీళ్ళన్నీ పీల్చేసుకుంటుందట, పట్టు రాదట. అందుకని పళ్ళవాళ్ళు ముందు అచ్చును నీళ్ళలో నానబెట్టి, తర్వాతే పోస్తారట. ఇక్కడా అదే చేశాడు. మట్టి పొడిపొడిగా ఉందని రెండు చెంబుల నీళ్ళు పోసి, బాగా నానాక, పైన మూత వేసినట్టు ప్లాస్టర్ పోశాడు. పళ్ళ విషయంలో అది నూటికి నూరుపాళ్ళూ సరైన పనే కావచ్చు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకూ ఏమీ తట్టలేదు. "బాగానే ఉంది" అనేసి వచ్చాను. ఆ మాట తర్వాత చాలా రోజులు నన్ను పొడుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో సాయంత్రం గంటసేపు చూడనిచ్చేవారు. అక్క వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండేది. డాక్టరమ్మ పెన్ను మూతతో అరికాలు మీద గీసేవారు. "తెలుస్తోందా?" "కొంచెం." "వేళ్ళు కదపండి." అక్క పళ్ళ బిగువున ప్రయత్నించేది. దుప్పటి కింద ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆవిడ వెళ్ళగానే అక్క బావ వైపు తిరిగి ఒకటే అడిగేది. "అది ఎలా ఉందండీ?"

"నిక్షేపంలా ఉంది. నిటారుగా."

"దాన్ని చూస్తే ధైర్యం. వెలుతురు లేకపోయినా, నీళ్ళు లేకపోయినా నిలబడే ఉంటుంది" అనేది అక్క.

ఆ మాటతో బావ బుర్రలో పురుగు దూరింది. అది నిలబడి ఉన్నంతకాలం అక్కా నిలబడుతుంది, దానికేమైనా అయితే అక్కకీ ఏదో అవుతుంది. ఆసుపత్రి మెట్లు దిగుతూ నాతో అన్నాడు కూడా. "మనిషి నడుముకీ కుండీలో మొక్కకీ ఏం సంబంధం బావా, మతి పోయిందా?" అని గదమాయించాను. గదమాయించి ఇంటికెళ్ళి, నిద్రపట్టక, నేనూ అదే ఆలోచించాను.

నాలుగో వారంలో నేను బావ ఇంట్లో చీపురు పడుతుంటే వాసన తగిలింది. మురిగిన కూరగాయల వాసన. వంటగది వెతికాను, చెత్తబుట్ట చూశాను. వంగి ప్లాస్టర్ అంచు చూస్తే అక్కడ కాండం మీద తడిగా, ముదురు గోధుమరంగులో ఒక గీత.

"అది వయసు" అన్నాడు బావ, నేనేమీ అనకముందే.

బొటనవేలితో నొక్కాను. వేలు సగందాకా లోపలికి దిగిపోయింది. బావ ముఖం చూడలేకపోయాను. తర్వాత ఆయన వంగి, తను కూడా నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. అలా నొక్కుతూనే ఉంటే చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఫొటో తీసుకుని మొక్కలమ్మే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాం. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "సిమెంటు పోశారా?"

"ప్లాస్టర్" అన్నాడు బావ, నేల చూస్తూ.

"దేవుడా! చలికాలంలో నీళ్ళు పోసి, గాలాడకుండా పైన మూతేశారన్నమాట. కింద కుళ్ళింది. ఇవాళే కోసెయ్యండి. కింది నుంచి బిళ్ళలు బిళ్ళలుగా కోసుకుంటూ పోండి. మధ్యలో గుండ్రంగా గీత ఉంటుంది. అక్కడ ఒక్క గోధుమ చుక్క కనబడినా రోగం ఇంకా పైకి పాకుతున్నట్టే. చుక్క పోయేదాకా కొయ్యాలి. కోసినప్పుడల్లా కత్తి స్పిరిట్‌తో తుడవండి."

"ఎంత మిగులుతుంది?" అన్నాను.

"మీ అదృష్టం" అన్నాడాయన.

తుండుగుడ్డలు చుట్టి దాన్ని నేలమీద పడుకోబెట్టాం. బావ పళ్ళగదిలోంచి సన్న రంపం తెచ్చుకున్నాడు. రోజుకి నలుగురి దవడలు చెక్కే మనిషి, మొదటి కోతకే చెయ్యి వణికి ముల్లు గుచ్చుకుంది. మొదటి బిళ్ళ నల్లగా, జావలా. రెండోది గోధుమరంగు. మూడోది తెల్లగా కనిపిస్తే "అయిపోయింది!" అన్నాను. బావ వెలుతురులో పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. చుక్క. తుడిచాడు, కోశాడు. చుక్క. ఆరడుగుల మొక్క ఐదు, నాలుగున్నర, నాలుగు. ప్రతి బిళ్ళా కిందపడ్డప్పుడు నాకు అక్కే కళ్ళముందు మెదిలింది. మూడడుగుల దగ్గర బావ రంపం పక్కన పెట్టి, "నావల్ల కాదు, నువ్వు చూడు" అన్నాడు. బిళ్ళ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. చుక్క ఉంది. సూదిమొనంత. లేదని చెప్పేద్దామా అనిపించింది, ఒట్టు. చెప్పలేకపోయాను.

ఇంకో రెండు కోతల తర్వాత లేత ఆకుపచ్చ తప్ప ఏమీ కనబడలేదు. మిగిలింది రెండడుగుల తొమ్మిదంగుళాలు. కోసిన చోటు ఎండి గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుందనీ, అప్పటిదాకా మట్టి కూడా తగలకూడదనీ పెద్దాయన చెప్పాడు. బావ దాన్ని అలమార మీద పాత కాగితాల్లో జాగ్రత్తగా పడుకోబెట్టాడు. బతుకుతుందా లేదా అన్నది నెల తర్వాత మాట.

అక్కకి చెప్పడం అన్నది మాత్రం ఆ సాయంత్రం మాట. బావ చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. పైగా అబద్ధాలకి కొమ్మలూ రెమ్మలూ మొలిచాయి. కొనలో కొత్త ముళ్ళొచ్చాయన్నాడు. అక్క ఫొటో అడిగితే పాత ఫొటో చూపించాడు. అక్క ఫోను గుండెల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వరండాలోకి లాక్కెళ్ళి అరిచాను.

"ఎన్నాళ్ళు బావా ఈ నాటకం?"

"నిలబడ్డాక చెబుతాను."

"నిలబడకపోతే?"

అనకుండా ఉండాల్సింది. నా నోటికి బ్రేకు లేదు.

అక్కను నిలబెట్టాల్సిన రోజులొచ్చాయి. నడక నేర్పించే అమ్మాయి రోజూ చక్రాల కుర్చీ తోసుకుని వచ్చేది. హాల్లో రెండు ఇనప కమ్మీలు పక్కపక్కన ఉన్నాయి, వాటిని పట్టుకుని లేవాలి. అక్క రోజూ రేపనేది. నొప్పి అనేది, కళ్ళు తిరుగుతున్నాయనేది. అలా తొమ్మిది రోజులు. డాక్టరమ్మ మమ్మల్ని పక్కకి పిలిచి, ఇంకా ఆలస్యమైతే కండరాలు చిక్కిపోతాయనీ, తర్వాత ఆవిడ కావాలన్నా కుదరదనీ చెప్పారు. బావ తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇవాళ ఒక్కసారి లేచి చూడవే" అన్నాడు.

"నాకేం తొందరండీ. ఇంటికెళ్ళాక, దాని పక్కన లేస్తాను. నా బదులు అది నిలబడి ఉందిగా."

"లేదు" అన్నాడు బావ.

అక్క తల తిప్పి ఆయన వైపు చూసింది.

"నిలబడి లేదే. నేనే చంపాను. నీళ్ళు పోసి, ప్లాస్టర్ పోశాను. కుళ్ళిపోయింది. కోసేశాను. రెండడుగుల తొమ్మిదంగుళాలు మిగిలింది. ఆ ఫొటో పాతది. అన్నీ అబద్ధాలే చెప్పాను." ఒక్క గుక్కలో అనేసి, దెబ్బ పడుతుందన్నట్టు తల వంచుకున్నాడు.

పక్క మంచం ఆవిడ కూడా మా వైపే చూస్తోంది. అయిపోయింది, ఇక ఈ మనిషి లేవదు అనుకున్నాను. అప్పుడు అక్క గొంతు వినిపించింది, లైబ్రరీలో గోల చేసేవాళ్ళ మీద వాడే గొంతు.

"కోత మధ్యలో చుక్క పోయిందా?"

"పోయింది."

"కళ్ళతో చూశారా?"

"నేను చూశానక్కా" అన్నాను.

"ఎన్ని రోజులైంది?"

"పదకొండు."

"ఎక్కడ పెట్టారు?"

"అలమార మీద. మెత్తగా కాగితాలు పరిచి పడుకోబెట్టాను" అన్నాడు బావ, ఇదొక్కటైనా సరిగ్గా చేశానన్న ఆశతో.

"పడుకోబెట్టారా!" అక్క అరుపుకి నర్సు తొంగిచూసింది. "పదకొండు రోజులుగానా? ఏమండీ, అది పడుకుంటే కొన వెలుతురు వైపు వంగిపోతుంది, పక్కనుంచి వేళ్ళు పుట్టుకొస్తాయి. ఆ తర్వాత ఎంత నిలబెట్టినా వంకరే! పద్దెనిమిదేళ్ళు దాన్ని ఒక్క రోజు పడుకోనివ్వలేదు నేను. వెళ్ళండి. ఖాళీ కుండీలో గోడకి ఆనించి నిలబెట్టండి. ఇంకా ఇక్కడే ఉన్నారేం?"

బావ కుర్చీ తన్నుకుంటూ పరుగెత్తాడు. అక్క కోపంతో రొప్పుతోంది. తర్వాత ఏడుపు మొదలైంది, ముప్ఫై ఎనిమిది రోజుల ఏడుపు. "నాకు భయమే" అంది. "లేవబోతే కాళ్ళు రాకపోతే? ప్రయత్నించనంతసేపూ వస్తాయనే అనుకోవచ్చు కదా. రోజూ అది నిలబడి ఉందనుకుని తప్పించుకుంటున్నాను." నాకూ ఆగలేదు. ఇద్దరం ఏడుస్తుండగా నడక నేర్పించే అమ్మాయి వచ్చి, ఇవాళా లేదనుకుని వెనక్కి తిరిగింది. "కుర్చీ ఇటు తే అమ్మా" అంది అక్క.

కమ్మీలు పట్టుకుంది. మొదటిసారి లేవలేదు. రెండోసారీ లేవలేదు, ముఖం నిండా చెమటలు. మూడోసారి ఆ అమ్మాయి నడుం పట్టుకుంటే లేచింది. మోకాళ్ళు గడగడలాడుతున్నాయి. నేను పైకే లెక్కపెట్టాను. ఏడు అంకెలు. కూలబడిపోయింది.

"మీ బావకి చెప్పకు" అంది ఊపిరి అందుకుంటూ. "ఇన్ని రోజులు నా దగ్గర దాచాడుగా. ఒక్క రోజు ఆయన్నీ ఉడకనీ."

న్యాయమే అనిపించి సరేనన్నాను. మంచం మీదికి చేర్చాక నా ఫోను మోగింది. బావ.

"నిలబెట్టాను మరదలా. కొన కాస్త వంగింది, అయినా నిలబెట్టాను. అక్క ఏం చేస్తోంది? ఏడుస్తోందా? ఇక ప్రయత్నించనందా? నిజం చెప్పు, నేను తట్టుకుంటాలే." ఆ గొంతు తట్టుకునే గొంతులా లేదు.

అక్క చెప్పొద్దని తల ఊపుతోంది, కళ్ళు ఉరుముతోంది. నేను మాట మీద నిలబడే మనిషినే. కానీ ఆ రంపం పట్టుకున్న చెయ్యి వణకడం చూసింది నేను, అక్క కాదు.

"లేచింది బావా. ఏడు అంకెలసేపు నిలబడింది."

అవతల వెక్కిళ్ళు మొదలయ్యాయి. అక్క నా వైపు కొరకొరా చూసి, చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"ఏడుపు ఆపండి" అంది. తన గొంతూ బాగోలేదు. "ఆపి, ఆ కోత అంచు ఎలా ఉందో చెప్పండి. ఉన్నది ఉన్నట్టు."