కాలువ దాటిన అన్నం

మా ఇంట్లో ఏడాది పొడుగునా చేపకు కొదవ ఉండేది కాదు. చేపకు డబ్బిచ్చిన గుర్తు మాత్రం నాకు ఒక్కటీ లేదు.

తోటపల్లి గూడూరుకు తూర్పున, మాగాణి అంచున ఉండేది మా ఊరు. ఊరు దాటి కొంచెం నడిస్తే పొలాలు అయిపోయి ఉప్పునేల మొదలవుతుంది. ఆ తర్వాత కాలువ. సర్విక‌ట్టెలు, సున్నపు గుల్ల, ఉప్పు వేసుకుని తెరచాప పడవలు ఆ కాలువ మీదే చెన్నపట్నం పోయేవి. గాలి లేని రోజు మనుషులే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవను లాక్కుపోయేవాళ్లు. రేవులో బల్లకట్టు ఎక్కి అవతల దిగితే ఇసుక, సర్వి అనే సరుగుడు తోపులు, వాటి వెనక చేపలు పట్టేవాళ్ల పల్లె, ఆ వెనక సముద్రం.

ఆ పల్లె నుంచి మా ఇంటికి ఒకామె వచ్చేది. మా అమ్మ ఈడుదే. పిల్లలమంతా ఆమెను నెత్తళ్లక్క అనేవాళ్లం, ఎందుకంటే గంపలో ఏమున్నా లేకపోయినా ఎండు నెత్తళ్లు మాత్రం తప్పకుండా ఉండేవి. వాటితో పాటు ఎండురొయ్యలు, ఉప్పుచేప, పండుగ ముందు రోజుల్లో పచ్చి వంజరం. ఆమెకు ముందు ఆమె అత్త తెచ్చేదట, మా నాయనమ్మ పుచ్చుకునేదట. ఏ ఊళ్లో ఏ ఇల్లు ఎవరి వాడికో, అంటే ఏ ఇంటికి ఎవరు చేపలివ్వాలో, ఆ పల్లె ఆడవాళ్లు ఎప్పుడో పంచుకున్నారు. అత్త నుంచి కోడలికి నగలు రాకపోయినా ఇళ్లు వచ్చేవి. ఒకరి వాడిక ఇంట్లో ఇంకొకరు గంప దించరు.

చేపలు తెచ్చినప్పుడు ఆమె ఏమీ అడగదు. కోతలయి, కల్లం చేసి, మొలకొలుకుల వడ్లు ఇల్లు చేరాక వస్తుంది. అప్పుడు మా అమ్మ కుంచం తీసుకుని కొలుస్తుంది. మొదటి కుంచానికి ఒకటి అనకుండా లాభం అంటుంది. ఎన్ని కుంచాలు పోయాలో ముందుగా ఎవరూ చెప్పరు. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉంటారు, మాట ఎక్కడో ఆగుతుంది, కుంచమూ అక్కడే ఆగుతుంది.

"పోయినేడు తెచ్చిన ఉప్పుచేపలో ఇసక తగిలింది మే," అనేది అమ్మ కొలుస్తూ.

"ఇసక కాదక్కా, మా ఊరి చక్కెర," అనేది ఆమె. "మీ వడ్లలో తాలు లేదా ఏంది? నేనేమన్నా అన్నానా?"

అమ్మ నవ్వి, పైన ఇంకో దోసెడు పోసేది. ఆ వడ్లతోనే వాళ్లింటికి ఏడాది గడవాలి. ముఖ్యంగా వానాకాలం. తూర్పు గాలులు లేచి సముద్రం తెప్పను లోపలికి రానివ్వని నెలల్లో ఆ పల్లెకు ఇంకో ఆధారం లేదు.

యాభైల చివర్లో నేను నెల్లూరులో చదువుకుంటున్నప్పుడు, కోతల రోజుల్లో ఇంటికి వస్తే తెల్లారేసరికి కాలువగట్టు మీదికి పోయేవాణ్ణి. ఆ పొద్దుట కనిపించేది చూడాలనే పోయేవాణ్ణి. అవతల ఇసుకలోంచి ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వరసగా దిగేవాళ్లు, నెత్తిన ఖాళీ గంపలతో. సాయంత్రం అదే వరస వడ్లతో తిరిగిపోయేది. ఇటు ఎన్ని ఊళ్లు, ఎన్ని ఇళ్లు, ఎన్ని తరాల లెక్క. ఒక్క చీటీ లేదు, ఒక్క తగువు లేదు. సముద్రానికీ మాగాణికీ మధ్య అంత పెద్ద బేరం అంత నిశ్శబ్దంగా ఎట్లా నడిచేదో అప్పుడూ అర్థం కాలేదు, పత్రికలో ఇన్నేళ్లు పనిచేశాక కూడా అర్థమైందని చెప్పలేను.

అరవైల నడిమికి నేను నెల్లూరులో ఒక దినపత్రికకు వార్తలు రాస్తున్నాను. ఆ రోజుల్లో పట్నాల్లో బియ్యం దొరకడం గగనమైపోయింది. దుకాణాల ముందు జనం బారులు తీరి నిలబడేవాళ్లు. ధాన్యం ఉన్నచోట నుంచి దొంగదారుల్లో పోకుండా ప్రభుత్వం కట్టుదిట్టం చేసింది. పర్మిట్ లేకుండా వడ్లు, బియ్యం ఫలానా హద్దులు దాటకూడదన్నారు. ఆ వార్త నేనే రాశాను. ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం చేర్చడం కోసమే ఆ ఉత్తరువు పుట్టింది. దాని ఉద్దేశాన్ని నేను అప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను.

అయితే హద్దు గీసినవాళ్లకు మా కాలువ చెన్నపట్నానికి దారిగానే కనిపించింది. పడవలకెక్కే ధాన్యాన్ని ఆపాలంటే కాలువ దగ్గరే ఆపాలి. కనుక మా రేవులో ఒక తాటాకు పాక, ఒక అడ్డకర్ర, ఒక కాపలామనిషి వెలిశారు. కాలువకు అవతల కూడా మనుషులున్నారనీ, వాళ్లూ రెండు పూటలా తింటారనీ ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ ఏడు కోతలకు నేను ఊళ్లోనే ఉన్నాను. నెత్తళ్లక్క వడ్లు కొలిపించుకుని మా బండిలో రేవుకు వేసుకుపోతుంటే, కొత్త పాక ఎట్లా ఉందో చూద్దామని వెంట వెళ్లాను. అప్పటికే అక్కడ ఆ పల్లె ఆడవాళ్లు కొందరు గంపలు దించుకుని కూర్చుని ఉన్నారు. కాపలా అతను మెట్ట ఊళ్ల మనిషి, మెత్తని వాడు.

"మూటలు దించబాక పెద్దమ్మా. పర్మిట్ ఉందా?"

"అదేంది నాయనా?"

"వడ్లు కాలవ దాటాలంటే కాయితం ఉండాల. ఎవురి కాడ కొన్నావో ఆ బిల్లన్నా చూపించు."

"కొన్లేదు నాయనా. చేపలిచ్చినా."

"అయితే చేపలకి బిల్లు."

కూర్చున్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. "నెత్తళ్లకి బిల్లంట! ఒక్కోదానికి ఒక్కోటి రాపించుకోరావాల్నా అబ్బయా?" అంది ఒకామె.

అతనికీ నవ్వొచ్చింది. నవ్వాపుకుని, "నేనేం చేసేదమ్మా? ఇయ్యి అవతలికి పోతే ఆడ్నించి పడవెక్కి చెన్నపట్నం పోతాయంట," అన్నాడు.

"చెన్నపట్నం పోవు నాయనా, మా కడుపులోకి పోతాయి. వచ్చి చూసుకో," అంది నెత్తళ్లక్క.

అయినా అడ్డకర్ర లేవలేదు. బండి వెనక్కి తిరిగింది.

మా వాకిట్లో మూటలు దించాక ఆమె వాటిమీదే కూర్చుండిపోయింది. మా నాన్న, "వడ్లు ఈడ్నే పెట్టుకోమ్మా, కావాల్సినప్పుడల్లా వచ్చి కాసిని తీసకపో," అన్నాడు. "తీసకపోతే ఆడ వాడు ఆపడా?" అని అమ్మ ఆయన మాట కొట్టేసి నావైపు తిరిగింది.

"నువ్వు పేపరోడివి గదా. దాంట్లో ఏమని రాసుండారు?"

"వడ్లు, బియ్యం."

"అటుకులని రాసుండారా?"

"లేదు."

అమ్మ లేచి పెద్ద కాగులో నీళ్లు పోసింది. వడ్లు నానేశారు. మర్నాడు పెరట్లో పొయ్యి పెట్టి మంగలంలో వేయించడం, వేడివేడిగా రోట్లో పోసి దంచడం. ఈ సంగతి వీధులు దాటి ఎట్లా పాకిందో తెలియదు, ఆ పల్లెతో వాడిక ఉన్న ఇళ్లన్నింట్లో రోకళ్లు లేచాయి. మధ్యాహ్నానికి మా ఊరు మొత్తం ఒకే చప్పుడు. పక్క ఊరి నుంచి వచ్చినాయన, "అక్కడా ఇదే, ఏం పండగ?" అని అడిగాడు. పొలం ఆడవాళ్లూ సముద్రం ఆడవాళ్లూ ఒకే రోటికి ఎదురెదురుగా నిలబడి రోకలి మార్చి రోకలి వేస్తున్నారు. నేను అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను. సభలు చాలా చూశాను, ఊరేగింపులు చూశాను. ఎవరూ పిలవకుండా అంతమంది ఒకే పనిలోకి దిగడం మళ్లీ చూడలేదు.

మరుసటి పొద్దున రేవులో కాపలా అతను నెత్తళ్లక్క గంపలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. నోట్లో వేసుకుని నమిలాడు. "ఇయ్యి వడ్లు కాదు, బియ్యమూ కాదు," అని తనకు తానే చెప్పుకుని కర్ర పైకెత్తాడు. వరస కదిలింది. చూడ్డానికి వచ్చిన మా అమ్మ ముఖం వెలిగిపోయింది.

నెత్తళ్లక్క మాత్రం బల్లకట్టు ఎక్కబోతూ ఆగింది. "వడ్లయితే పొట్టులో నిద్రబోతా ఉంటాయక్కా, ఎప్పుడు లేపితే అప్పుడు లేస్తాయి. అటుకులకి నిద్ర లేదు. వానల దాకా ఉంటాయో లేదో," అంది.

ఉండలేదు. తొలి వానలకే ముక్కిపోయాయి. ఆలోగా ఉత్తరువుకు చిన్న సవరణ కూడా వచ్చింది. వడ్లతో చేసిన అటుకులు, నూకలు, పిండి, అన్నీ చేర్చారు. ఎవరో తెలివిగలవాళ్లు ఎక్కడో కూర్చుని ఆలోచించి ఉంటారు. రేషను దుకాణం ఉంది గానీ అది కాలువకు ఇవతల. అందులో బియ్యమైనా కాలువ దాటాల్సిందే.

సముద్రం మూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే మా వైపు నాట్లు. ఒకరోజు పొద్దున వానలో నెత్తళ్లక్క మా వాకిట్లో నిలబడి ఉంది, వెనక ఆమె కోడలూ ఇంకొందరూ. నెత్తిన గంపలు లేవు.

"లోపలికి రా మే, తడుస్తా ఉండావు," అంది అమ్మ.

"నాటెయ్యడానికి వచ్చినామక్కా."

"మీరా? మీకు నాటెయ్యడమేం తెలుసు? కూచో. నాలుగు దినాలకి సరిపడా వండి ఇస్తాను, తీసకపో."

"చేపలు తెచ్చిననాడు ఇయ్యి, తీసకపోతా. ఈ పొద్దు నా చేతిలో చేప లేదు, చెయ్యే ఉండాది."

అమ్మ వాదించింది. ఆమె కదల్లేదు. చివరికి అమ్మే తగ్గింది.

సముద్రం ఆడవాళ్లు బురదలో దిగడం మా వాళ్లు అదే మొదటిసారి చూడటం. గట్టు మీద మగవాళ్లు ఎగతాళి చేశారు. "నాటు కాదమ్మో అది, వల విసిరినట్టుండాది!" అని ఒకాయన అరిచాడు. "నువ్వొచ్చి తెప్పెక్కు మామా, అప్పుడు మేం నవ్వతాం," అని నెత్తళ్లక్క కోడలు జవాబిచ్చింది. మొదటి రోజు నారు వంకరటింకరగా నిలిచింది. వారం తిరిగేసరికి వాళ్ల సాళ్లు మా కూలీల సాళ్లతో కలిసిపోయాయి. ఏడాది పొడుగునా ఉప్పునీళ్లలో మోకాలి లోతున నిలబడిన కాళ్లకు ఆ చలిబురద ఒక లెక్క కాలేదు. మా మొలకొలుకులు తిని పెరిగినవాళ్లు ఇప్పుడు వాటిని తామే నాటుతున్నారు, నాటిన చేలో గింజ మాత్రం వాళ్ల ఇంటికి చేరదు.

ఆ ఏటి నుంచి ఒక్కొక్కటీ జారిపోయింది. మాగాణి పనికి అలవాటుపడ్డ ఆడవాళ్లు ఇసుకలో చేప ఎండబెట్టడం తగ్గించారు. ఎండబెట్టనివాటిని మంచుగడ్డలతో వచ్చిన లారీలు పచ్చిగానే ఎత్తుకుపోయాయి. తర్వాత్తర్వాత ఉత్తరువు తీసేశారు, అడ్డకర్రా పోయింది. అప్పటికి ఏ ఇల్లు ఎవరి వాడికో చెప్పగలిగిన అత్తలు లేరు. పట్నంలో ఎవరో రాసిన ఒక్క వాక్యం, మా వైపు ఇళ్ల చేపల కుండ దాకా ఇంత దూరం నడిచి వస్తుందని నేను ఊహించి ఉండను.

వానలో వాళ్లు వచ్చిన ఆ నాట్ల మొదటి రోజు సాయంత్రం కూలి ఎట్లా ఇవ్వాలన్నది సమస్య అయింది. మామూలుగా కూలి వడ్లలో కొలుస్తారు. వడ్లు కాలువ దాటవు. అటుకులూ దాటవు. అమ్మ కుంచం పక్కన పెట్టేసి పొయ్యి ముట్టించింది. పెద్ద గుండిగల్లో ఎసరు పెట్టింది. ఆ పూట పనికొచ్చిన వాళ్లందరికీ తలా ఒక కుండెడు అన్నం వార్చి, పైన చింతపండు పచ్చడి పెట్టి, అరిటాకు కప్పి ఇచ్చింది.

నేను రేవు దాకా వెళ్లాను. వాన సన్నగా పడుతోంది. వరసగా ఆడవాళ్లు, నెత్తిన కుండలు, కుండల పైనుంచి ఆవిరి. వాన ఆ ఆవిరి మీద పడుతోంది, అయినా లేస్తూనే ఉంది. కాపలా అతను పాకలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఏంది పెద్దమ్మా అది?"

"అన్నం నాయనా."

"ఎంతకాలానికి?"

"ఈ రాత్రికి," అంది నెత్తళ్లక్క. "రేపటిది రేపు నాటాల."

అతను అడ్డకర్ర పైకెత్తాడు. బల్లకట్టు ఊగుతోంది. కుండ ఒలకకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఆమెకు అందించాడు.