బుట్ట అడుగున కొసరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చేది. దుమ్ముగూడెం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట మాకు కిరాణా దుకాణం ఉండేది. మా తాతయ్య గల్లా దగ్గర కూర్చునేవాడు, మా నాన్న తూకం వేసేవాడు. ఇంట్లో అందరూ అమ్మేవాళ్లే కాబట్టి కూరగాయలు కొనే పని నాకు అప్పజెప్పారు. చిన్నపిల్ల, ముఖం అమాయకంగా ఉంటుంది, ఎవరూ అనుమానించరని మా తాతయ్య ఎత్తుగడ. నేనూ ఆ నమ్మకాన్ని వమ్ము చేయలేదు. సొరకాయ కొనాలంటే ముందు దాన్ని గోటితో గిల్లి, పెదవి విరిచి, వెనక్కి పిలిచేదాకా వెళ్లిపోతున్నట్టు నటించేదాన్ని. తూకం అయ్యాక పైన కొసరు వేయించుకోకుండా కదిలేదాన్ని కాదు. ఒక పిడికెడు మిరపకాయలైనా ఊరికే రాకపోతే ఆ పూట అన్నం సహించేది కాదంటే నమ్మండి.

దుకాణం వెనక చెక్క అని పిలిచే చిన్న చేను ముక్క ఒకటి, దాని పైన గుట్ట. ఆ గుట్ట వాలులోని చేను మాది. జొన్న, కంది వేసేవాళ్లం. వేసేవాళ్లం అంటున్నాను గానీ మాలో ఎవరికీ వ్యవసాయం రాదు. మా తాతయ్య చేనును కూడా దుకాణంలాగే నడిపాడు. పొద్దున్నే గచ్చు ఊడిపించినట్టు చేనంతా ఊడిపించాడు. రాళ్లన్నీ ఏరించి పక్కన కుప్ప పోయించాడు, గడ్డి దుబ్బులు పీకించాడు. అన్నిటికంటే గొప్ప ఆలోచన సాళ్లది. నాగలి సాళ్లు గుట్ట పైనుంచి కిందకు, నిలువుగా, మా దుకాణం వెనక కిటికీకి ఎదురుగా దిగాలన్నాడు. జొన్న మనిషెత్తు పెరిగాక కలుపు తీసే కూలీలు కనపడరు గదా. సాళ్లు నిలువుగా ఉంటే గల్లా దగ్గర నుంచి తల తిప్పి చూసినా వీధుల్లో చూసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు కనిపిస్తుంది. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు ఇప్పచెట్టు కింద చుట్ట కాలుస్తున్నారో తెలిసిపోతుంది. రైతుబిడ్డలెవరూ చేయని పని అది. సరుకు మీంచి కన్ను తీయొద్దని ఉగ్గుపాలతో నేర్చుకున్న మాలాంటి వాళ్లకే తోస్తుంది.

కూలీల మీద పెట్టిన ఆ కన్ను వాన మీద పెట్టలేదు. వాన పడినప్పుడల్లా ఆ నిలువు సాళ్లలో నీళ్లు ఎర్రగా, పరుగు పందెం పెట్టుకున్నట్టు కిందకు దిగేవి. మా మెత్తటి మట్టి కూడా వాటితోనే దిగేది. దిగి, మధ్యలో ఉన్న ఆ చిన్న చెక్కలో ఆగేది.

ఆ చెక్క మేము కింది చేను పెద్దమ్మ అని పిలిచే ఒక ఒంటరి ఆడమనిషిది. వంగ, మిరప, టమాట పెట్టేది. ఆ చెక్క తప్ప ఆమెకు మరో ఆధారం లేదు. మా కూరగాయలన్నీ ఆమె దగ్గరే కొనేదాన్ని. ఆమె తోట ఏటికేడు మాగాణిలా నవనవలాడేది, పైన మా కంది ఏటికేడు మరుగుజ్జు అయ్యేది. మా తాతయ్య విత్తనాల్ని తిట్టాడు, పాలేరును తిట్టాడు, ఎవరి కళ్లో పడ్డాయన్నాడు. నాకు మాత్రం ఆ రోజులు మహా బాగుండేవి. ఎందుకంటే పెద్దమ్మ కొసరు అడక్కముందే వేసేది, అడిగితే ఇంకా వేసేది. "తీస్కపో బిడ్డా, మీ ఇంటికి గాక ఎవలకు పెడత" అనేది. అదంతా నా నోటి చలవేనని నేను పొంగిపోయేదాన్ని. బేరంలో నన్ను మించినది ఆ చుట్టుపక్కల లేదని మా తాతయ్య కూడా వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఒక వానాకాలం తర్వాత పెద్దమ్మ ముఖం మారింది. కొసరు తగ్గింది. ఒకరోజు దుకాణానికి వచ్చి, "సావుకారీ, మీ చేన్లకెల్లి ఇగ మట్టి వస్తలేదు, మొరం వస్తున్నది. నా వంగ మొక్కలు పూడిపోతున్నయ్. ఏదన్న అడ్డం పెట్టరాదుండ్రి" అని అడిగింది.

మా తాతయ్య తక్కెడ వైపు చూస్తూనే, "వాన నా దుకాణంల దొరికే సరుకా చెల్లే, ఆపమంటె ఆపనీకి?" అన్నాడు. ఉప్పు కోసం వచ్చినవాళ్లూ, బీడీల కోసం వచ్చినవాళ్లూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. మళ్లీ ఒకటి రెండుసార్లు వచ్చింది. ప్రతిసారీ ఒక కొత్త హాస్యం విని వెళ్లింది.

ఆ తర్వాత ఒక ఉదయం నేను వంకాయలకు వెళ్లాను. ఎప్పటిలాగే పుచ్చులున్నాయని వంక పెట్టాను, ఎప్పటిలాగే ఆమె దిగివచ్చింది. కొసరు అడిగాను. "ఇయ్యాల నీకు మస్తు కొసరు పెడత, పొయ్యి గా చెట్టుకు నాలుగు మిరపకాయలు తెంపుకో" అంది. తెంపుకుని వచ్చేసరికి బుట్ట నిండుగా ఉంది, పైన నిగనిగలాడే వంకాయలు. ఎత్తబోతే లేవలేదు, పెద్దమ్మే పట్టి నా తల మీద పెట్టింది. నా సంతోషం చెప్పలేను. మెడ నొప్పి పుడుతున్నా దారిలో ఎక్కడా దించకుండా మోసుకొచ్చాను. దుకాణంలో నలుగురూ ఉండగా గల్లా ముందు దింపి, "తాతయ్యా, కొసరు చూడు!" అన్నాను.

తాతయ్య మురిసిపోతూ బుట్ట బోర్లించాడు. పై వరుస వంకాయలు దొర్లాయి. వాటి వెనకే గలగలమంటూ గులకరాళ్లు, మొరం, ఎర్రటి ఇసుక. బీడీల కోసం వచ్చినాయన ఒకడు, "ఏం బేరం చేసినవే పిల్లా!" అన్నాడు. దుకాణమంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు నన్ను చూసి మొదలైనా ఆగింది మాత్రం మా తాతయ్య మీద. కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుని, గల్లా మా నాన్నకు అప్పజెప్పి లేచాడు. ఖాళీ బుట్ట పట్టుకుని నేను వెంట పడ్డాను.

పెద్దమ్మ గట్టు మీదే నిలబడి ఉంది, మేము వస్తామని తెలిసినట్టు.

"ఏంది చెల్లే గిది? పసిపిల్లతోని పరాచికాలా?"

"పరాచికం గాదు సావుకారీ. మీరు పంపిన సరుకే. నాకు అక్కర్లేదు, వాపస్ జేసిన."

ఆయన నోరు తెరిచేలోగా ఆమె తన చెక్కంతా చూపించింది. సగం వంగ మడులు మొరం కింద ఉన్నాయి. మొక్కల తలలు మాత్రమే పైకి తేలి, ఎండి, గోధుమరంగుకు తిరిగాయి. ఇంకో వానాకాలం ఇలాగే పోతే ఆ చెక్కలో గడ్డి కూడా మొలవదని నాకే అర్థమైంది. పెద్దమ్మ గొంతు తగ్గించింది. "మెత్తమట్టి వచ్చినన్ని దినాలు నోరు మూస్కున్న, అవ్. నా తోట దానితోనే పెరిగింది. గందుకే పిల్లకు గన్ని కొసర్లు ఏసిన. ఇప్పుడు మీ చేన్ల మట్టి అయిపోయింది, అడుగున రాయి తేలింది. ఇగ మీకూ లేదు, నాకూ లేదు."

ఇన్నేళ్లూ నేను గెలుచుకొచ్చానని విర్రవీగిన కొసరంతా మా మట్టేనన్నమాట. మా ఇంట్లోంచి పోయిన దానిలో ఒక చిటికెడు మాకే తిరిగి ఇస్తే, దానికి నేను ఊరేగింపు చేసుకున్నాను.

మా తాతయ్య చాలాసేపు గుట్ట వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఎలుకలు కొట్టిన బస్తా కనపడినప్పుడు అలాగే చూసేవాడు. తర్వాత అక్కడే గట్టు మీద కూర్చుని అసలు బేరం మొదలుపెట్టాడు. వాలుకు అడ్డంగా రాళ్ల కట్టలు వేయాలి, సాళ్లూ అడ్డంగానే దున్నాలి అని పెద్దమ్మ. కట్టలకైతే సరే, సాళ్లు మాత్రం తిప్పేది లేదు, అడ్డం తిప్పితే కూలీలు కనపడరు అని తాతయ్య. పెద్దమ్మకు నవ్వాగలేదు. "గిందుకా సావుకారీ గట్ల దున్నించింది? ఊరంత తలకాయ పట్టుకున్నం, ఏం శాస్త్రమో అని! నన్ను కూలికి పెట్టుకోండ్రి, ముందు సాల్ల నేనే నడుస్త. నా ఎనక ఎవడు కూసుంటడో చూస్త" అంది. తాతయ్య ఒప్పుకున్నాడు. లేవబోతుంటే ఆమె, "మరి నా కొసరు?" అంది. రాళ్ల వెంబడి వట్టివేళ్ల గడ్డి నాటాలట, మా మేకలు దాని జోలికి రాకూడదట. బేరం కుదిరాక పైన కొసరు అడిగించుకోవడం మా తాతయ్యకు జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

ఎండాకాలమంతా మేము ఏరి పారేసిన రాళ్లనే మళ్లీ మోసుకొచ్చాం. పెద్దమ్మ చెరువు కట్టల పనికి వెళ్లి వచ్చిన మనిషి. రెండు కర్రలు పైన ముడివేసి, కాళ్లు విడదీసి నిలబెట్టి, నడుమ అడ్డకర్ర కట్టింది. ముడి నుంచి ఒక తాడు వేలాడదీసి దానికో రాయి కట్టింది. తాడు అడ్డకర్ర మధ్యలో పెట్టిన గుర్తుకు సరిగ్గా ఆనితే కర్ర కాళ్లు రెండూ సమానమైన ఎత్తులో ఉన్నట్టు. అలా ఒక్కో అడుగూ జరుపుకుంటూ పోతే కట్టకు దారి దొరుకుతుంది, నీళ్లు ఏ పక్కకూ పారకుండా దాని వెనక నిలుస్తాయి. మా తాతయ్య రెండు నిమిషాలు చూసి, "ఇది తక్కెడే గదా!" అన్నాడు. రాయి విప్పించి దుకాణం నుంచి తూకపు గుండు తెప్పించి కట్టించాడు. ఆ క్షణం నుంచి ఇంకెవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. తాడు వెంట్రుకవాసి పక్కకు ఉన్నా, "ముల్లు నిలబడలే, జరుపుండ్రి" అనేవాడు. పెద్దమ్మ నా వైపు చూసి కన్ను గీటేది.

మొదటి పెద్దవాన ఒక మధ్యాహ్నం వచ్చింది. కిటికీలోంచి గుట్ట కనపడలేదు. తాతయ్య చక్కెర అడిగినవాళ్లకు ఉప్పు పొట్లం కట్టాడు. చివరకు గోనెసంచి తల మీద కప్పుకుని బయలుదేరితే నేనూ వెంట పరిగెత్తాను. పెద్దమ్మ అప్పటికే పైన ఉంది. పై కట్ట ఒకచోట తెగి, ఆ సందులోంచి ఎర్రటి నీళ్లు దూకుతున్నాయి. ఆమె రాయి మీద రాయి వేస్తోంది, నీళ్లు తోసేస్తున్నాయి. అయిపోయిందనే అనుకున్నాను. తాతయ్య పంచె ఎగగట్టి బురదలోకి దిగాడు, నేను గడ్డి దుబ్బులు అందించాను. సందు పూడింది. అప్పటికే దూకిన నీళ్లు కింది కట్టకు వెళ్లి తగిలాయి, అక్కడ చెరువులా నిలిచి, రాళ్ల నడుమ నుంచి మెల్లగా, కడుగు నీళ్లంత పలచగా కిందకు జారాయి. ఒక్క గులకరాయి కూడా వంగ మడుల్లోకి రాలేదు.

పెద్దమ్మ అలాగే బురదలో కూలబడి, ముఖం మీద వాన పడుతుండగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వో ఏడుపో తెలియలేదు. మా తాతయ్య కట్ట వెనక నిలిచిన మెత్తటి మట్టిని గుప్పిట పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, పప్పు చూసినట్టు వేళ్ల మధ్య నలిపి, "మన సరుకు మన ఇంట్లనే ఉన్నది" అన్నాడు.

ఆ తర్వాత వంకాయలకు వెళ్లి కొసరు అడిగితే పెద్దమ్మ చేతులు దులిపేసింది. "ఇగ యాడి కొసరు బిడ్డా! పైకెల్లి సరుకు బందయింది." చిన్నబోయిన ముఖంతో ఇంటికొచ్చి చెప్పాను. కొసరు లేకుండా వచ్చినందుకు మా తాతయ్య నన్ను ఎత్తుకుని తిప్పడం అదొక్కసారే.

దుకాణం ఇప్పుడు లేదు, వాళ్లిద్దరూ లేరు. చేను మా తమ్ముడు చూసుకుంటున్నాడు. పోయిన వానాకాలం వెళ్లి గుట్ట ఎక్కితే రాళ్ల కట్టలు కనపడలేదు. ఎవరో ఇంటి పునాదులకు ఎత్తుకుపోయారనుకున్నాను. వట్టివేళ్ల గడ్డి వరుసలు మాత్రం ఉన్నాయి. వాటి పక్కన కూర్చుని చేతిని మట్టిలోకి దూర్చాను. మెత్తగా మణికట్టు దాకా దిగింది. ఇంకా లోపలికి తోస్తే వేళ్లకు తగిలింది చల్లటి రాయి, దాని పక్కన ఇంకో రాయి. కట్టలు ఎక్కడికీ పోలేదు. మట్టే పెరిగి వాటిని కప్పేసింది. హమ్మయ్య అనుకుంటూ అక్కడే చాలాసేపు కూర్చున్నాను.

బేరమాడడం నేను ఇప్పటికీ మానలేదు, మా కోడళ్లు నాతో బజారుకు రావడానికి సిగ్గుపడతారు. కానీ ఎవరైనా అడక్కముందే కొసరు వేస్తే మాత్రం, ముందు సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి చూసుకుంటాను.