మీటరు మామయ్య గది మార్చిన సాయంత్రం

మా అమ్మ తమ్ముణ్ణి ఊరంతా మీటరాయన అనేది. నీళ్ల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివాడు. గేటు దగ్గర నిలబడి "మీటరూ" అని ఒక్క కేక వేస్తే తలుపు తెరుచుకునేది. వంగి, మూత ఎత్తి, గాజు మీది బురద బొటనవేలితో తుడిచి, అంకె రాసుకుని వెళ్లిపోయేవాడు. రోజుకు నూట ఇరవై ఇళ్లు. ఎవరింట్లో కుళాయి కారుతోందో, ఎవరింటికి చుట్టాలొచ్చారో ఆ అంకె చూసి చెప్పేసేవాడు. ఆయన ఇంట్లో ఎవరున్నారని మాత్రం ఆ నూట ఇరవై ఇళ్లలో ఒక్కరూ అడిగి ఉండరు.

అడిగినా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెళ్లయిన నాలుగో ఏడు అత్తయ్య జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. మళ్లీ పెళ్లి మాటెత్తితే "నాకిప్పుడేం తక్కువ?" అని నవ్వేసేవాడు. కొన్నాళ్లకు ఎత్తేవాళ్లూ లేకుండా పోయారు. మా అమ్మ కూడా పోయాక ఆయనకు మిగిలిన దగ్గరి మనిషిని నేనే. ఒకే ఊళ్లో ఉంటూ ఏడాదికి మూడుసార్లు కలిసేవాళ్లం.

రిటైరైన తొమ్మిదో ఏడు మెట్ల మలుపులో కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. కింది అంతస్తు వాచ్‌మన్ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ సాయంత్రం మామయ్యే నాకు ఫోన్ చేసి, ఎవరికో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"బీపీ దిగాక ఆపరేషనంట. కంగారేం లేదు. నీకు తెలియాలి కదా అని చేశాను."

"ఈ వారం షాపులో ఒకమ్మాయి సెలవు పెట్టింది మామయ్యా. ఏదన్నా అవసరమైతే వెంటనే ఫోన్ చెయ్యండి."

"నాకేం అవసరం ఉంటుంది? అన్నీ వాళ్లే చూసుకుంటారు."

ఆ మాట పట్టుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. శనివారం వెళ్లాను. అప్పటికి ఆపరేషను అయి రెండు రోజులు. ఒక్కడే ఉండే గది, పెద్ద కిటికీ, తెల్లటి గోడలు. "బాగుంది మామయ్యా, హాయిగా ఉంది గది" అన్నాను. ఆయన అవునన్నట్టు తలూపాడు. ఇరవై నిమిషాలు కూర్చుని వచ్చేశాను.

నెల తిరక్కుండానే మళ్లీ ఫోను.

"అమ్మాయ్, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర్నుంచి కాగితం వచ్చింది. అందులో నా పేరు తప్ప ఒక్క ముక్క కొరుకుడు పడలేదు. నీకు వీలున్నప్పుడే..."

మా ఆయన పిత్తాశయం ఆపరేషనప్పుడు ఇన్సూరెన్సు వాళ్లతో మూడు నెలలు పోట్లాడిన దగ్గర్నుంచి, చుట్టాల్లో నాకు కాగితాలు చదివే మనిషినని పేరు. నిజానికి నాది కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. ఆదివారం వెళ్లాను.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మంచానికీ బల్లకీ మధ్య వాకరు తిరిగేంత దారి వదిలి మిగతా సామానంతా గోడకు జరిపాడు. కాగితాలు తేదీల వారీగా పేర్చి, ఎగిరిపోకుండా పైన గ్లాసు పెట్టాడు. రెండు కుర్చీలుంటే ఒకదాని మీద మందులు, పాత పేపర్లు. నేను నిలబడే ఉన్నానని చూసి గబగబా అవి తీయబోయాడు. "మీరుండండి" అని నేనే తీశాను. కింద దుమ్ము మందంగా ఉంది.

"ఇది ఆసుపత్రి బిల్లు. ఇది ఇన్సూరెన్సు వాళ్ల లెక్క" అని రెండూ పక్కపక్కన పరిచాను. "గ్లౌజులు, సిరంజిలు, దూది... ఇలాంటివి వాళ్లెప్పుడూ ఇవ్వరు. అది చిన్న కోతే. పెద్ద కోత ఇదిగో, ఇక్కడ. మీ పాలసీకి ముగ్గురుండే గది వరకే అర్హత. మీరున్నది ఒక్కరుండే గది."

"తేడా గదికే కదా కొయ్యాలి? సగం బిల్లు కోశారేం?"

"ఖరీదైన గదిలో ఉంటే డాక్టరు ఫీజు, ఆపరేషను ఫీజు అన్నీ ఆ స్థాయిలోనే పెరుగుతాయి. అందుకని అన్నింట్లోనూ అదే వంతున కోస్తారు."

మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆపరేషను ఆ గదిలో చెయ్యలేదు కదమ్మా. కిందికి తీసుకెళ్లి చేశారు. నాకు మెలకువ ఉంది, నేను చూశాను."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. "ముప్పై ఏళ్లు జనం అంకెలు చదివినవాణ్ణి. నా అంకె నేను చదువుకోలేకపోయాను చూడు."

నాకు తోచింది ఒకటే. ముగ్గురుండే గదుల్లో మంచాలు ఖాళీ లేక ఆసుపత్రి వాళ్లే ఖరీదైన గదిలో వేసుంటారు. ఆ సంగతి వాళ్లు రాసిస్తే కోత తీసేయమని అడగొచ్చు. అదే చెప్పాను. మామయ్య బల్ల అంచు గీకుతూ విన్నాడు.

"పోనీలే అమ్మాయ్. పెన్షను వస్తోందిగా, నెలనెలా కడతాను."

"ఎందుకు కట్టడం? రేపు మధ్యాహ్నం నేనే వెళ్లి అడుగుతాను."

మామయ్య గ్లాసు తీసి మళ్లీ కాగితాల మీద పెట్టాడు.

మర్నాడు బిల్లింగు కౌంటర్లో ఉన్నావిడ ఫైలు తెప్పించి ఓపిగ్గా వెతికింది. "ఖాళీ లేకేం? సోమవారం ముగ్గురుండే గదిలోనే చేర్చుకున్నాం. రెండో నంబరు మంచం. మంగళవారం సాయంత్రం ఆరూ నలభైకి ఆయనే అడిగి మారారు. ఇదిగో, కోత పడుతుందని చెప్పాం, సంతకం కూడా పెట్టారు" అని నా వైపు తిప్పింది.

సంతకం మామయ్యదే. ఆ కాగితం వెనక ఆపరేషనుకు అంగీకారపత్రం ఉంది. కింద వేరే ఎవరిదో వంకర సంతకం. రోగికి ఏమవుతారు అన్న గడిలో "వాచ్‌మన్" అని ఉంది.

దుకాణానికి తిరిగి వెళ్లి ఆ సాయంత్రం అద్దాలు రెండు పాడుచేశాను. ఆ చిరాకంతా మోసుకుని నేరుగా మామయ్య ఇంటికి వెళ్లాను.

"మీరే అడిగి మారారట కదా! ముందే చెప్తే నేను వెళ్లి వాళ్లముందు వెర్రిదాన్ని అయ్యేదాన్ని కాదుగా?"

మామయ్య మంచం మీద కూర్చుని వాకరు పిడి పట్టుకున్నాడు.

"నాలుగింటికి చూసేవాళ్లని వదులుతారు. ఆరింటిదాకా. నా ఎడమ పక్క ఒక బస్సు మెకానిక్కు. వాడి కోసం ఎంతమంది వచ్చారో! లెక్కపెట్టాను, పదకొండు. కుడి పక్క ఒక పెద్దాయన. మనవరాళ్లు మంచమెక్కి కూర్చున్నారు. మంచివాళ్లే అందరూ. మెకానిక్కు భార్య నాక్కూడా పండు కోసిచ్చింది. మీవాళ్లు ఇంకా రాలేదా అని అడిగింది. దారిలో ఉన్నారని చెప్పాను."

"మామయ్యా..."

"అలా నోటికి వచ్చేసిందమ్మా, ఏం చెయ్యను? అంతమందికీ కుర్చీలు చాలక సగంమంది నిలబడే ఉన్నారు. ఆవిడ మాత్రం నా మంచం దగ్గరి కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. తాతగారి వాళ్లొస్తారు, లేవండి అని పిల్లల్ని కూడా లేపేసింది. ఆరయ్యేదాకా ఆ కుర్చీ అలాగే ఉంది. రెండోరోజూ అంతే." ఆయన వాకరును దగ్గరికి లాక్కున్నాడు. "మూడోరోజుకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ సాయంత్రమే నర్సమ్మ రాగానే తలుపున్న గది ఏదన్నా ఇమ్మన్నాను. తలుపేసుకుంటే ఎవరొచ్చారో, ఎవరు రాలేదో బయటికి తెలీదు కదా."

గది హాయిగా ఉందన్నదాన్ని నేనే. నాకు చెప్తే వచ్చేదాన్ని కదా అందామని నోటిదాకా వచ్చింది. చెప్పాడు, సోమవారమే చెప్పాడు.

కౌంటరావిణ్ణి బతిమాలితే మంచాలు ఖాళీ లేవని రాసిస్తుందేమో చూడనా అన్నాను. మామయ్య ఒప్పుకోలేదు.

"మీటర్లో ఏ అంకె ఉంటే అదే రాశానమ్మా. తగ్గించి రాయమని ఎంతమంది అడిగారో నీకు తెలీదు. ఇప్పుడు నా దాకా వచ్చేసరికి మారుస్తానా?"

అప్పీలు మాత్రం రాశాం. బిల్లు మళ్లీ వరసగా చూస్తుంటే ఒక రక్తపరీక్ష రెండుసార్లు పడిందని ఆయనే పట్టుకున్నాడు. అది కనిపెట్టినప్పుడు ఆయన మొహం వెలిగింది. దాని సంగతి రాసి, గది మార్పు గురించి ఏమన్నా రాయాలా అని అడిగితే, "నా ఇష్టప్రకారం మారాను అని రాయి. కారణం వాళ్లకెందుకు?" అన్నాడు. ఆరు వారాలకు జవాబొచ్చింది. రెండోసారి పడిన రక్తపరీక్ష డబ్బు బిల్లులోంచి తీసేశారు. గది కోత కోతగానే ఉంది. ఆసుపత్రికి పది వాయిదాల్లో కట్టాడు. ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

నేను ఆదివారాలు వెళ్లడం మొదలుపెట్టాను. వెళ్లేసరికి కుర్చీ తుడిచి ఉండేది. మందుల చీటీ, తర్వాతి ఏడాది పాలసీ కాగితం, ఏదో ఒకటి ముందు వేసుకునేవాళ్లం. అవి అయిపోయాక మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ అంతగా చేతకాదు. ఆయన పాత వీధుల పేర్లు చెప్పేవాడు. నేను గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేదాన్ని. నేను మెట్లు దిగుతుంటే పైన తలుపు గడియలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి పడిన చప్పుడు వినిపించేది.

చేతికర్రతో నడిచేదాకా కోలుకున్నాడు. ఆ చలికాలం దుకాణంలో పని ఎక్కువై ఒక ఆదివారం తప్పింది. ఇంకో ఆదివారం ఒంట్లో బాగాలేదు. మూడో ఆదివారం నిజానికి ఏ కారణమూ లేదు. ఫోన్ చేసి, ఈ వారం కుదరడం లేదు మామయ్యా అన్నాను.

"దానికేం అమ్మాయ్? పనులు చూసుకో. నాకిక్కడ ఏం లోటు?"

ఆ మాటకు అర్థం ఏమిటో నాకిప్పుడు బాగా తెలుసు. అయినా సరే, నమ్మినట్టే "ఉంటాను మరి" అని ఫోను పెట్టేశాను.