కలరా పాఠానికి గైర్హాజరు

మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడలో ఉంది. ఏసీ చలికి శాలువాలు కప్పుకుని అక్కడ కూర్చుని మేము ఆఫ్రికాకి ప్రజారోగ్యం నేర్పుతాం. ఈ మాట ఎవరికి చెప్పినా నాకు సిగ్గేస్తుంది. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను.

ఒక విదేశీ ఫౌండేషన్ డబ్బిస్తుంది. ఆ డబ్బుతో తూర్పు ఆఫ్రికా దేశాల్లో జిల్లా ఆరోగ్య అధికారులకి ఆన్‌లైన్‌లో శిక్షణ ఇవ్వాలి. వాళ్ల నైపుణ్యం పెంచాలి, పరిశోధన వైపు మళ్లించాలి. ఆ కాంట్రాక్టు మా కంపెనీకి ఎందుకొచ్చిందంటే అందరికంటే చవగ్గా చేస్తామన్నాం కాబట్టి. అంతకుముందు మావాళ్లు చేసిన పెద్ద పని, ఒక బూట్ల కంపెనీ సేల్స్‌మెన్‌కి కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో నేర్పే కోర్సు. ఆ అనుభవంతోనే కలరా మీద పడ్డారు.

నేను డాక్టర్ని. చాలా ఏళ్లు ఏజెన్సీ ప్రాంతంలో ప్రభుత్వోద్యోగం చేశాను. వానలు మొదలవగానే వాంతులూ విరేచనాలతో ఊళ్లకి ఊళ్లు పడకేస్తే, బడి వరండాల్లో పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించేవాళ్లం. తర్వాత పిల్లల చదువులని, మోకాళ్ల నొప్పులని ప్రగతి నగర్ చేరాను. ఈ కంపెనీలో నా హోదా సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్. అంటే నేను పాఠం రాస్తాను, వాళ్లు దాన్ని పాడుచేస్తారు, పాడైన దాని కింద నా పేరు పెడతారు.

పాడుచేసే పనికి పెద్ద మా డెలివరీ హెడ్, అంటే కోర్సుని టైముకి తయారుచేయించి అప్పజెప్పేవాడు. కోస్తా మనిషి, మాట మెత్తన. ఎదుటివాళ్లు చెప్పింది పూర్తిగా వింటాడు, విని తను ముందే అనుకున్నది చేస్తాడు. ఆయన లెక్కలో ఆఫ్రికా అంటే మియాపూర్ దాటాక వచ్చే ఇంకో కాలనీ. కోర్సు మొదటి స్లైడు మీద జిరాఫీ బొమ్మ పెట్టించాడు. నేను తీసేయించాను. మర్నాటికి మళ్లీ వచ్చి నిలబడింది.

"చూడగానే ఆఫ్రికా అని తెలియాలి కదండీ, మేడమ్ గారూ" అన్నాడు.

"వాళ్లెక్కడున్నారో వాళ్లకి తెలుసు" అన్నాను.

ఆయన నవ్వాడు. జిరాఫీ ఉండిపోయింది.

ఇంట్లో పిల్లాడికి విరేచనాలైతే మందుల షాపుకి వెళ్లి యాంటీబయాటిక్ అడిగి తెచ్చి వేసే రకం ఆయన. ఆ సంగతి నాకే గొప్పగా చెప్పాడు, నేను రాసిన ఓఆర్ఎస్ పాఠం నిడివి తగ్గించమని అడగడానికి వచ్చినప్పుడు. ఉప్పు, పంచదార, నీళ్లకి అంత పాఠం దేనికని ఆయన బాధ. ఇలాంటివాళ్ల చేతిలో ఒక ఖండం చదువు పెట్టిన ఫౌండేషన్ వాళ్లని తలుచుకుంటే నాకు ఈయన మీదకంటే వాళ్లమీదే ఎక్కువ మండుతుంది.

ఇంక బటన్ సంగతి చెప్పాలి. లైవ్ క్లాసు నడుస్తుండగా అప్పుడప్పుడూ తెరమీద ఒక చిన్న డబ్బా లేస్తుంది. 'మీరు ఉన్నారా?' అని అడుగుతుంది. నొక్కాలి. నొక్కకపోతే బయటికి తోసేస్తుంది, ఆ క్లాసుకి గైర్హాజరు వేస్తుంది. గైర్హాజరీలు ఎక్కువైతే కోర్సే పోతుంది. ఇదేం మావాళ్లు ఆఫ్రికా కోసం కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంటినుంచి పనిచేసేటప్పుడు మామీద పెట్టిన నిఘాకి తమ్ముడు. మౌస్ కదలకపోతే మన పేరు పక్కన ఉన్న పచ్చచుక్క పసుపైపోతుంది, మేనేజరుకి తెలిసిపోతుంది. ఆ చుక్కని మోసం చెయ్యడం రానివాళ్లు హైటెక్ సిటీ చుట్టుపక్కల ఎవరూ లేరు. కొందరు మౌస్‌ని టేబుల్ ఫ్యాన్‌కి దారంతో కట్టేస్తారు. కొందరు మౌస్‌ని దానంతటదే కదిలించే బుల్లి యంత్రం కొనుక్కుంటారు. మా డెలివరీ హెడ్‌కి కూడా అలాంటిది ఒకటుంది, మధ్యాహ్నం కునుకు కోసం. ఇక్కడ ఒక్కడూ నమ్మని బటన్‌ని తీసుకెళ్లి, అడిగిన ప్రశ్నకి నిజం చెప్పడం అలవాటున్న మనుషుల ముందు పెట్టారు.

ఆ మనుషుల్లో ఒకావిడ గురించే ఇదంతా. ఒక పెద్ద సరస్సు పక్కనున్న జిల్లాకి ఆరోగ్య అధికారి. సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల గుడిసెలుంటాయి, ఏటా వానలు పడగానే అక్కడ కలరా వస్తుంది. ఏటా ప్రభుత్వం బావుల్లో క్లోరిన్ వేస్తుంది. బావి పక్కనే ఉన్నా ఆ జనం సరస్సు నీళ్లే తాగుతారు. జబ్బుపడ్డ పిల్లల్ని చివరిదాకా ఆసుపత్రికి తీసుకురారు. ఎందుకు? ఇదీ ఆమె ప్రశ్న. మూర్ఖత్వం అనేసి ఊరుకోవడం తనకి చేతకాదని, అది తెలుసుకోవడానికి తీరిక కావాలని ఒక క్లాసు అయ్యాక నాతో చెప్పింది. ఆ తీరిక ఇచ్చేది ఫౌండేషన్ వాళ్ల రీసెర్చ్ ఫెలోషిప్. రెండేళ్లపాటు జీతం, లాబ్, గైడు అన్నీ వాళ్లవే. మా కోర్సు పాసైన సర్టిఫికెట్ ఉంటే తప్ప దరఖాస్తు తీసుకోరు. దానికి వయసు పరిమితి కూడా ఉంది, ఆమెకి అది వచ్చే ఏడు దాటిపోతుంది. ఈసారి రాకపోతే ఇంక ఎప్పటికీ రాదు.

కోర్సులో కలరా పాఠాలు మొదలయ్యాయి. అదే వారంలో వాళ్ల జిల్లాలో కలరా మొదలైంది.

ఆమె క్లాసులకి రాలేదు. బుద్ధున్నవాళ్లెవరూ రారు. ఒక్కరోజు మాత్రం, నేను వార్డు ఏర్పాటు గురించి చెబుతుండగా, ఫోనులోంచి కనిపించింది. ఫోను ఎక్కడో కిటికీలో ఆనించినట్టుంది. ప్లాస్టిక్ ఏప్రన్, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. వెనకాల మధ్యలో కన్నం చేసిన మంచాలు, వాటికింద బకెట్లు. నా స్లైడు మీద కూడా అదే మంచం, అదే బకెట్, రంగురంగుల బొమ్మగా. "క్షమించండి డాక్టర్, కాస్త వినిపోదామని" అంది ఇంగ్లీషులో, ఇటు చూడకుండానే. ఆమె రెండు చేతులూ ఒక పసివాడి చేతిమీద నరం కోసం వెతుకుతున్నాయి. విరేచనాలతో ఎండిపోయిన పిల్లల చేతుల్లో నరం ఎలా దొరకదో నాకు తెలుసు. నేను చెప్పడం ఆపేసి చూస్తున్నాను.

అప్పుడు డబ్బా లేచింది. మీరు ఉన్నారా?

ఆమె నొక్కలేదు. తెర ఆమెని బయటికి తోసేసింది. ఆ పసివాడికి నరం దొరికిందో లేదో నాకు తెలియలేదు.

కలరా తగ్గేసరికి ఆమె పేరు కోర్సులో లేదు. కబురు రాగానే నేను మా ప్లాట్‌ఫామ్ చూసే ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఇక్కడి ఊళ్ల మనిషే, పనిలో చురుకు, మనసు మంచిది. కాని సిస్టం అన్న మాట దేవుడన్నట్టు అంటుంది.

"సిస్టం తీసేసింది మేడం, నేనేం చెయ్యలె."

"కలరా వార్డులో ఉందావిడ."

"ఉంటది మేడం, నేను కాదంటలేను. గాని సిస్టంకి కలరా ఎట్ల తెలుస్తది? లీవ్ పెడ్తె అయిపోతుండె గద."

"లీవా?"

"ముందుగాల్నే పెట్టాలె. మనకైతే గట్లనే గద." తర్వాత గొంతు తగ్గించి, "జర ఫ్యాన్‌కి కట్టుకోమని మీరన్న చెప్పకపోయిన్రు" అంది.

ఆమె దగ్గర మౌసే లేదని, ఉన్నది ఫోనని చెప్పాను. "అయ్యో, అయితే కష్టమే ఇగ" అని నిజంగానే బాధపడింది.

డెలివరీ హెడ్ దగ్గరికి వెళ్లాను. కుర్చీ చూపించి, టీ తెప్పించి, అంతా విన్నాడు.

"నిజమేనండి, పాపం. కాని ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారండి."

"అందరూ కలరా తెచ్చుకుని అడుగుతారా?"

"అలా కాదండీ. ప్రాసెస్ అనేది ఒకటుంటుంది కదండీ."

మనిషి కలరా ఆపుతోంది కాబట్టి ఆ మనిషికి కలరా ఆపడం రాదని తేల్చే ప్రాసెస్ ఇది. ఈ మాటే ఆయన మొహం మీద అన్నాను. ఫౌండేషన్‌కి రాస్తానని కూడా అన్నాను. అప్పుడు టీ కప్పు కింద పెట్టాడు. కాంట్రాక్టు పొడిగింపు మీద మాటలు నడుస్తున్న రోజులవి.

మర్నాడు ఆయనే నా సీటు దగ్గరికొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"మేడమ్ గారూ, దారి దొరికిందండి. మనం కలరా పాఠాలు చెప్పామా? అదే టైముకి ఆవిడ జిల్లాలో కలరా వచ్చిందా? ఆవిడ కంట్రోల్ చేసిందా? చూడండి ఎంత బాగా కలిసొచ్చిందో. మన కోర్సు వల్లే చేయగలిగానని ఆవిడ ఒక చిన్న వీడియో ఇస్తే, ప్రాక్టికల్ కింద పాస్ చేసేద్దామండి."

కలిసొచ్చిందట. నేను రోగాలు చూశాను, రోగాల్ని దాచిన అధికారుల్ని చూశాను, మందులమ్ముకున్నవాళ్లని చూశాను. కలరా కలిసొచ్చిందన్నవాణ్ణి మాత్రం అప్పుడే చూశాను. ఆ మనిషి మీద నాకున్న చిన్నచూపు ఆ రోజుతో అసహ్యంగా మారింది, ఇప్పటికీ తగ్గలేదు.

ఆ సాయంత్రం ఆమెకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒప్పుకోవద్దన్నాను. ఫౌండేషన్‌కి నేను రాస్తాను, పోరాడదాం అన్నాను. నా గొంతు కొంచెం ఉపన్యాసంలా ఉందని నాకే తెలుస్తోంది.

"మీరు రాస్తే ఎప్పటికి తేలుతుంది?" అంది.

"చెప్పలేను."

"దరఖాస్తు గడువు వచ్చేవారం, డాక్టర్."

"కాని వాళ్లు మీ చేత అబద్ధం చెప్పించాలని చూస్తున్నారు."

"ఎంతసేపు?"

నాకు అర్థం కాలేదు. "వీడియో ఎంతసేపు ఉండాలి?" అని మళ్లీ అడిగింది. రెండు నిమిషాలన్నాను. సరే చెబుతానంది.

ఏం మాట్లాడాలో డెలివరీ హెడ్ స్వయంగా రాశాడు. ఈ కోర్సు నా జీవితాన్ని మార్చేసింది అని మొదలుపెట్టి, కోర్సులో నేర్పిన యాంటీబయాటిక్‌లతో కలరాని తరిమికొట్టాను అని ముగించాడు. ఆ చివరిది నేను కొట్టేసి ఓఆర్ఎస్ అనీ, సెలైన్ అనీ మార్చాను. అబద్ధంలోనైనా వైద్యం సరిగ్గా ఉండాలని నా పంతం. ఆ పని చేస్తూ చేస్తూ నామీద నాకే రోత పుట్టింది.

రికార్డింగ్‌కి ఆమె ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుని వచ్చింది. తడబడకుండా చదివింది. డెలివరీ హెడ్ నా పక్కనే కూర్చుని, "బాగుందండి, ఇంకోసారి కొంచెం నవ్వుతూ చెప్పమనండి" అన్నాడు. నేను అనలేదు. ఆయనే ఇంగ్లీషులో అడిగాడు. ఆమె నవ్వుతూ మళ్లీ చెప్పింది, చక్కటి వరసగా పళ్లన్నీ కనిపించేలా. కోర్సు తన జీవితాన్ని మార్చేసిన మనిషి ఎలా నవ్వుతుందో అచ్చం అలాగే. "అయిపోయిందా? వార్డులో పనుంది" అని కాల్ పెట్టేసింది.

పాసైంది. దరఖాస్తు పెట్టింది. కాంట్రాక్టు పొడిగించారు. ఆఫీసులో కేకు కోశారు, డెలివరీ హెడ్ అందరికీ తినిపించి ఫొటోలు దిగాడు. కింద లిఫ్టుల దగ్గరి పెద్ద తెరమీద ఆ వీడియో రోజూ తిరుగుతుంది, జుంబా క్లాసుల ప్రకటనకీ చిరుధాన్యాల లడ్డూల ప్రకటనకీ మధ్యలో. నేను మెట్లెక్కి వెళ్తున్నాను, మోకాళ్లు ఏడుస్తున్నా సరే.

కొన్నాళ్లకి ఒక ఆదివారం ఆమె ఫోన్ చేసింది. నేను ప్రగతి నగర్ చెరువు కట్టమీద, కంపు భరించలేక చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాను. ఫెలోషిప్ వచ్చిందని చెప్పింది. నాకు అక్కడే ఎగరాలనిపించింది. అభినందనలు చెప్పి, చెప్పడం ముగిసీ ముగియకముందే మా డెలివరీ హెడ్‌ని తిట్టడం మొదలుపెట్టాను. ఆమె పడిన అవమానానికి క్షమాపణ అడిగాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"మీరు ఇంత బాధపడుతున్నారా?" అంది. "నాకిది అలవాటే డాక్టర్. సెలైన్ పంపినవాళ్లు వస్తారు, బూట్లు పంపినవాళ్లు వస్తారు, బావి తవ్వించినవాళ్లు వస్తారు. కెమెరా తెస్తారు. నవ్వుతాను. అప్పుడు పెట్టెలు దించుతారు."

"వాళ్లమీద కోపం రాదా?"

"వాళ్ల గురించి ఆలోచించను" అంది.

నేను రోజూ పొద్దున్నే స్నానం దగ్గర్నుంచి షేర్ ఆటో దిగేదాకా ఆ మనిషిని మనసులో తిట్టుకుంటూ వెళ్తాను. ఆమె అసలు తలుచుకోను కూడా తలుచుకోదు. ఆ క్షణంలో నాకు ఒక అనుమానం వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది, వచ్చాక అడక్కుండా ఉండలేకపోయాను.

"నా క్లాసుల్లో కూడా అలాగే నవ్వారా?"

అటువైపు ఎవరో పిల్లలు అరుస్తున్నారు, ఏదో బండి పోయింది.

"మీ కలరా పాఠాలు చాలా బాగున్నాయి, డాక్టర్" అంది.

ఆ పాఠాల్లో ఆమె ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు.

థాంక్స్ అన్నాను.